ముల్లై పేరు వెతుక్కుంటూ ట్రాయ్ దాకా

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద పప్పు ఉంటే ముందు దించేసి రండి, మాడిపోయాక నన్ను అనొద్దు. ఇది నేనూ నా మనవరాలూ ఆష్‌బర్న్ నుంచి పెన్సిల్వేనియా, ఒహాయో మీదుగా ట్రాయ్‌కి కారులో వెళ్ళొచ్చిన కథ. ఊళ్ళు చూడడానికి వెళ్ళలేదు. ఒక పుస్తకంలో ఒక పేజీ ఉందా లేదా అని అడగడానికి వెళ్ళాం. ఒక్క పేజీ కోసం అంత దూరం ఎవరైనా పోతారా అంటారేమో. ఆ పేజీ మీదే మా పిల్ల పేరు నిలబడి ఉంది మరి!

ఆష్‌బర్న్

ముందు ఆ పేజీ సంగతి చెప్పాలి. మాది నగరి, నేత ఇల్లు. నేను చదివింది ఐదో తరగతి. పెళ్ళయ్యాక మద్రాసు పెరంబూరులో ఒక వాటాల ఇంట్లో కాపురం పెట్టాం. మధ్యలో నడవ, రెండు పక్కలా వాటాలు, అందరికీ కలిపి వాకిట్లో ఒక చేతిపంపు. పక్క వాటాలో విశాలం అక్క ఉండేది. తమిళావిడ, నాకంటే కొంచెం పెద్దది. గొంతు విప్పిందంటే వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడేది. ఆమె దగ్గర చోళుల కాలం నాటి కథ ఒకటి ఉండేది, పేద్ద నవల. వారపత్రికలో వచ్చేటప్పుడు వాళ్ళమ్మ వారం వారం పేజీలు కత్తిరించి, కుట్టి, అట్టలు వేయించి కూతురికి ఇచ్చింది. తమిళ ఇళ్ళలో అదొక అలవాటు. మనం పట్టుచీరలు దాచినట్టు వాళ్ళు కథలు దాచుకునేవాళ్ళు.

మధ్యాహ్నం మగవాళ్ళు డ్యూటీలకు పోయాక ఆమె నడవలో కూర్చుని చదివేది, మేం చుట్టూ చేరేవాళ్ళం. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. చదివే మనిషి చేతులు ఖాళీగా ఉండాలి. కాబట్టి ఆమె ఇంటి పని వినేవాళ్ళం పంచుకోవాలి. ఒకరు ఆమె చింతపండు గింజ తీసేవారు, ఒకరు ఆమె బియ్యం ఏరేవారు. చిక్కుడుకాయలకు ఈనె తీసి తుంచడం ఎప్పుడూ నా వంతు. తమిళం నాకు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అయితేనేం, ఒకసారి నా చెవిన పడ్డ మాట మళ్ళీ బయటికి పోదు. ఆ నవల మొత్తం ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. ఆష్‌బర్న్‌లో కిటికీలు లేని పేద్ద పేద్ద భవనాలుంటాయి, డేటా సెంటర్లంటారట. ప్రపంచంలో వాళ్ళందరి జ్ఞాపకాలూ వాటిల్లోనే దాచిపెడతారని మా అల్లుడు చూపించాడు. వాటిని చల్లగా ఉంచడానికే బోలెడు కరెంటు కావాలట. నా తలకు రెండు పూటలా కాఫీ చాలు నాయనా అన్నాను.

ఆ నవలలో ముల్లై అని ఒక అమ్మాయి ఉంది. రేవులో దీపస్తంభం కాపలావాడి కూతురు. తుఫాను రాత్రి రాజుగారి ఓడలు తిరిగొస్తుంటాయి. శత్రువుల మనుషులు దీపం ఆర్పి, వత్తులన్నీ సముద్రంలో పారేసి పోతారు. నూనె ఉంది, వత్తి లేదు. అప్పుడు ముల్లై ఇంట్లోకి పరుగెత్తి, తన పెళ్ళిచీర కోసం మగ్గం మీద సాగదీసి ఉన్న పడుగు నూలు మొత్తం కోసి, భుజాన వేసుకుని మెట్లెక్కుతుంది. దాన్ని వత్తిగా పేని, నూనెలో ముంచి వెలిగిస్తుంది. పెళ్ళిచీర పోయింది, ఓడలు ఒడ్డుకు వచ్చాయి. గంజి పెట్టిన నూలు ముందు చిటపటమని, తర్వాత నిదానంగా ఎట్లా కాలుతుందో కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. నేతపని సంగతి ఆ రాసినాయనకు ఎంత బాగా తెలుసో అని నేను జీవితమంతా మెచ్చుకుంటూనే ఉన్నాను.

మా అమ్మాయి పద్మకు ఆష్‌బర్న్‌లో కూతురు పుట్టినప్పుడు ఆ పేరే పెట్టాలని పట్టుబట్టాను. చుట్టాలు ఫోన్లు చేసి, "ముల్లేంది పిన్నీ, పువ్వు పేరేదీ దొరకలేదా?" అన్నారు. అది పువ్వు పేరే నాయనా, తమిళంలో ముల్లై అంటే మన అడవిమల్లె లాంటి తెల్లపువ్వు అని చెప్పి చెప్పి నా నోరు అరిగింది. స్కూల్లో టీచర్లు మాలీ అని పిలవబోతే పిల్ల ఒప్పుకోలేదు. ప్రతి ఏడూ బడి తెరిచిన రోజు లేచి నిలబడి, తన పేరెట్లా పలకాలో, అది ఏ కథలోదో చెప్పేది. కాలేజీ సీటుకు రాయాల్సిన వ్యాసం కూడా దాని మీదే రాసింది. సీటొచ్చింది. ఆ వ్యాసాన్ని మా అల్లుడు ఫ్రేమ్ కట్టించి మెట్ల దగ్గర తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని దగ్గర నిలబెట్టి, తర్వాతే మంచినీళ్ళు ఇస్తాడు.

ఈ వేసవిలో ఆ నవల ఇంగ్లీషులో దొరికింది పిల్లకు. గది తలుపేసుకుని చదివింది. ఒక రోజు కిందికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మమ్మా, బుక్‌లో ముల్లై హాఫ్ పేజీ కూడా లేదు."

"ఎందుకుండదూ?"

"ఉంది, బట్ ఒక్కసారే. ఆయిల్ పాట్ పట్టుకుని స్టెప్స్ ఎక్కింది. దట్స్ ఇట్. మగ్గం లేదు, శారీ లేదు. సోల్జర్స్ వచ్చి దీపం వెలిగించారు."

"ఇంగ్లీషువాళ్ళు కోసేసి ఉంటారు. వాళ్ళకు పడుగంటే ఏం తెలుసు?"

"నేను ఎస్సేలో రాశాను. ఎవ్రీ ఇయర్ క్లాస్‌లో చెప్పాను. నేను లై చేశానా, అమ్మమ్మా?"

ఏడ్చి ఉంటే ఓదార్చేదాన్ని. ఏడవలేదు. లేచిపోయి, మెట్ల దగ్గర ఫ్రేమ్‌ను గోడవైపు తిప్పి పెట్టింది.

విశాలం అక్క ఇప్పుడు ట్రాయ్‌లో కొడుకు దగ్గర ఉంది. శనివారాలు అక్కడి ఆడవాళ్ళను పోగేసి అదే నవల చదివి వినిపిస్తుందని విన్నాను. "చదివి వినిపించిన మనిషినే అడుగుదాం. కారు తీయి," అన్నాను ముల్లైతో.

"ఫోన్ చేసి అడిగితే సరిపోదా అమ్మా?" అంది పద్మ.

"ఆమెకు ఫోన్‌లో సరిగ్గా వినపడదు. అయినా పేరు సంగతి ఫోన్‌లో తేల్చుకుంటారా ఎవరైనా?"

పెన్సిల్వేనియా కొండల్లో

బయలుదేరే రోజు తెల్లవారుజామున నాకు చెడ్డ కల వచ్చింది. నాకు కలలు సినిమాల్లాగా రంగులతో, వాసనలతో వస్తాయి. మా అమ్మ నేర్పిన పద్ధతి ఏమిటంటే, చెడ్డ కలను మనిషికి చెప్పకూడదు. పారే నీళ్ళకు చెప్పాలి. చెబితే నీళ్ళు దాన్ని తీసుకుపోతాయి, మళ్ళీ గుర్తుకు రాదు. ఆ పొద్దు పద్మ తొందర పెట్టడంతో వంటింట్లో కొళాయి దగ్గర నిలబడే వీలు చిక్కలేదు. కలను అట్లాగే కడుపులో పెట్టుకుని కారెక్కాను.

కొండలు మొదలయ్యాక ఒక విశ్రాంతి స్థలంలో ఆగాం. బాత్‌రూమ్‌లో కొళాయి కింద చేతులు పెట్టి కల మొదలుపెట్టాను. కాస్త చెప్పగానే నీళ్ళు ఆగిపోయాయి. చేతులు తీసి మళ్ళీ పెట్టాను, వచ్చాయి. కీలక ఘట్టానికి రాగానే మళ్ళీ ఆగాయి. ఈ దేశంలో కొళాయిలకు ఓపిక లేదు! తెగిన కలను మళ్ళీ మొదలుపెట్టకూడదు. సగం నీళ్ళల్లో పోయింది, సగం నాతోనే ఉండిపోయింది. అందుకే మీకు కూడా వెనక సగమే చెప్పగలను. విశాలం అక్క నడవలో కూర్చుని పుస్తకం తిప్పుతోంది, పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. అంతే.

పక్క కొళాయి దగ్గర ఒక తెల్లావిడ నన్నే చూస్తోంది. దుక్కలాంటి మనిషి, నెత్తిన టోపీ, చేతుల మీద పచ్చబొట్లు. పేద్ద లారీ నడుపుతుందట. ప్రార్థన చేస్తున్నానా అని ముల్లైని అడిగింది. పిల్ల సిగ్గుతో ఎర్రబడి, విషయం ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నాకూ ఒక కల ఉందట, అమ్మమ్మా. వన్ ఇయర్ నుంచి అదే వస్తోందట. చెప్పొచ్చా అని అడుగుతోంది."

"చెప్పమను. కొళాయి ఆగకుండా నేను చూసుకుంటాను."

నా రెండు చేతులూ ఆమె కొళాయి కింద పెట్టి ఆడిస్తూ నిలబడ్డాను. ఆమె వంగి, నీళ్ళతో మెల్లగా మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అర్థం కావాల్సిన పనీ లేదు. వెనకాల వరుసలో ఉన్నవాళ్ళు ఎవ్వరూ తొందర పెట్టలేదు. అయిపోయాక ఆమె మొహం కడుక్కుని, నా తడిచేతులు పట్టుకుని ఊపి వెళ్ళిపోయింది. కాసేపటికి రోడ్డు మీద ఒక పేద్ద లారీ మా పక్క నుంచి పోతూ హారన్ కొట్టింది. "నీ ఫ్రెండే," అంది ముల్లై. పొద్దుటి నుంచి అప్పుడే మొదటిసారి నవ్వింది పిల్ల.

బయట బల్ల మీద పులిహోర విప్పుకున్నాం. మన బస్టాండుల్లో పొట్లం విప్పితే పక్కవాళ్ళు "ఏ ఊరు మీది?" అని మొదలుపెడతారు. ఇక్కడ ఎవరి కారులో వాళ్ళు తలుపులేసుకుని తింటున్నారు. అక్కడి కాఫీ ధర విని నేను తాగనన్నాను. అయినా ముల్లై కొనుక్కొచ్చింది, తాగాక తాగకుండా ఉన్నా పోయేదేం లేదనిపించింది.

ఒహాయోలో తీపి ఆవకాయ

ఆ సాయంత్రం ఒహాయోలో రోడ్డు పక్క మోటెల్‌లో దిగాం. తలుపు తీయగానే ఇంగువ వాసన. గుజరాతీ వాళ్ళది. నడిపే ఆవిడ పేరు భావనాబెన్. ముల్లైకీ ఆమెకూ ఇంగ్లీషు, నాకూ ఆమెకూ రైలు ప్రయాణాల్లో నేర్చుకున్న హిందీ. మెంతి రొట్టెలు, వాటితో మామిడికాయ పచ్చడి పెట్టింది. నోట్లో పెట్టుకుంటే తీపి! మామిడికాయకు ఆ గతి పట్టిందేమిటా అనుకుని, నా గోంగూర సీసా తీసి ఇచ్చాను. ఒక ముద్ద తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, సీసా మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

పొద్దున టిఫిను దగ్గర ఊతప్పంలాగా పిండి పోసుకునే యంత్రం ఒకటి ఉంది. గరిటె నిండా పోసి మూత పెట్టాను. పిండి నాలుగు పక్కలా కారి బల్ల మీదికి, బల్ల మీద నుంచి నా చీర కుచ్చిళ్ళ మీదికి వచ్చింది. భావనాబెన్ తుడుస్తూ, "ఎక్కడికి వెళ్తున్నారు?" అంది. నాకొచ్చిన హిందీలో ముల్లై కథ మొత్తం చెప్పాను. మగ్గం, పడుగు, తుఫాను అన్నీ చేతులతో చూపించాను. ఆమె తుడిచే గుడ్డ పక్కన పెట్టేసి విన్నది.

"తర్వాత ఆ అమ్మాయి పెళ్ళయిందా?" అంది.

"ఏం?"

"చీర కాల్చేసింది కదా. పెళ్ళి ఏం కట్టుకుని చేసుకుంది?"

నవల మొత్తం నోటికి వచ్చిన మనిషిని, ఓడలు ఎన్ని తెరచాపలతో వచ్చాయో చెప్పగలను. ఇదొక్కటి ఎప్పుడూ విన్నట్టు లేదు. ముల్లై నన్నే చూస్తోంది. "విశాలం అక్కకు తెలుస్తుంది," అన్నాను. కారెక్కాక మాత్రం చాలాసేపు కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చున్నాను.

ఈరీ ఒడ్డున

ఈరీ అనేది సరస్సట. అవతలి ఒడ్డు కనపడని దాన్ని సరస్సంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒడ్డున తెల్లటి దీపస్తంభం ఒకటి ఉంది. ముల్లై నన్నడగకుండానే కారు అటు తిప్పింది. పైకి ఎక్కనిస్తారా అని నా కోసం అడిగితే, అక్కడున్న ముసలాయన నా మోకాళ్ళ వైపు చూసి, తర్వాత నా మొహం చూసి, సరేనన్నాడు.

మధ్యలో రెండు చోట్ల కూర్చున్నాను. పైకెక్కాక దీపం ఎక్కడ అని వెతికితే, అద్దాల మధ్య చిన్న బల్బు చూపించాడు ఆయన. వత్తి ఏదని ముల్లై చేత అడిగించాను. ఈ రోజుల్లో వత్తేమిటని పాపం ఆయన చాలా మర్యాదగా నవ్వాడు.

ముల్లై కింద మెట్ల వైపు చూస్తూ, "ఇంత పైకి ఆ ముల్లై పడుగు మోసుకు రాగలదా అమ్మమ్మా? ఎంత బరువు ఉంటుంది?" అంది.

"పొడిది తేలికే. గంజి తడి మీద ఉంటే చంటిపిల్లను మోసినట్టుంటుంది. మా వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నేనే మోసేదాన్ని. భుజం మీద వేసుకుంటే తల వెంట్రుకలకు గంజి అంటుకుని చిక్కులు పడేవి."

"బుక్‌లో కూడా జుట్టుకు గంజి అంటుకుంటుందని చెప్పేదానివి."

"అవును. ఆ రాసినాయనకు అన్నీ తెలుసు," అన్నాను. పిల్ల నా జుట్టు వైపు ఒకసారి చూసి మెట్లు దిగసాగింది.

ట్రాయ్

విశాలం అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. తొమ్మిది గజాల చీర, దాని మీద స్వెటరు, కాళ్ళకు పరుగు పందెం బూట్లు. మనిషి సగం అయింది. గొంతు మాత్రం ఆవగింజంత కూడా తగ్గలేదు.

"అడియే రాజీ! నీ జుట్టు ఎక్కడికి పోయిందే?"

"నీ పళ్ళు ఎక్కడికి పోయాయో అక్కడికే అక్కా."

ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని నవ్వుకున్నాం, కొంచెం ఏడ్చుకున్నాం కూడా. ఆమె కొడుకు కార్ల కంపెనీలో ఇంజనీరు. మా సామాను లోపల పెట్టి, ఈ ఇద్దరి మధ్యా తన పని లేదని మెల్లగా తప్పుకున్నాడు. డబరా గ్లాసుల్లో కాఫీ వచ్చింది. ముల్లై గ్లాసు ముట్టుకోలేదు.

"పాటీ, ఒక మాట అడగాలి," అంది, తమిళంలో అవ్వను పిలిచే పిలుపుతో. విశాలం అక్కకు మా భాష బాగానే వచ్చు, మద్రాసు తెలుగు. "నవల్లో ముల్లై పడుగు కాల్చే పార్ట్ ఉందా? తమిళ్ బుక్‌లో?"

విశాలం అక్క గ్లాసు కింద పెట్టింది. "లేదు కన్నా. ఎప్పుడూ లేదు."

"అట్లా అంటావేందక్కా! నువ్వే చదివావు. వాన పడుతోంది, నడవలోకి జల్లు కొడుతోంది. నా ఒళ్ళో నీ చిక్కుడుకాయలు."

"చదివాను. చదవలేదని ఎవరన్నారు? మా అమ్మ కుట్టిన పుస్తకంలో ఆ వారం పేజీలు లేవే! ఇంట్లో ఎవరో వాటితో వేరుశనక్కాయల పొట్లం కట్టేశారు. ముందు రోజు దీపం ఆరిపోయిన చోట ఆపాను. మర్నాడు మీరంతా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. ఓడలు వస్తున్నాయి. పేజీ లేదు, లేచిపొండి అని చెప్పేదా? అందుకని నీ కల చదివాను."

"నా కలా?"

"నీ కలే. ఆ పొద్దు చేతిపంపు దగ్గర నువ్వు ఒక చేత్తో పంపు కొడుతూ నీళ్ళతో చెబుతున్నావు. మగ్గానికి నిప్పంటుకుంది, పడుగు భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నాను, చీకట్లో ఎక్కడో ఓడలున్నాయి, అని. నేను నీ వెనకే బిందె పట్టుకుని నిలబడ్డాను. నువ్వు కొట్టిన నీళ్ళతో నా బిందె కూడా నిండింది, నీ కల మాత్రం అయిపోవడం లేదు. దీపం ఆరిన చోట నేను ఆపితే, నువ్వు రాత్రంతా దాన్ని వెలిగించడానికి తిరిగావే రాజీ!"

అయినా నమ్మబుద్ధి కాక, "నిజంగా పుస్తకంలో లేదా?" అన్నాను.

"తర్వాత అచ్చయిన పుస్తకం కొని చూశాను, లేదు. దీపం కాపలావాడి ఇంట్లో మగ్గం ఎందుకుంటుందే? చోళుల రేవులోకి మీ నగరి పడుగు ఎట్లా వచ్చింది? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అనుమానం రాలేదా నీకు?"

"ఆ రాసినాయన గొప్పవాడు అనుకున్నాను," అన్నాను.

విశాలం అక్క నవ్వితే కాఫీ స్వెటరు మీద ఒలికింది. "నీకు తెలుసనే అనుకున్నాను నేను. చదువుతుంటే తల వంచుకుని నవ్వుతూ కాయలు తుంచావు. నీ కల నీకు వినిపిస్తున్నానని సిగ్గుపడుతున్నావనుకున్నాను."

సిగ్గు కాదు. అంత బాగుందని నవ్వాను. నేత ఇంటివాళ్ళకు మగ్గం కాలిన కలకన్నా చెడ్డది ఉండదు. అందుకే దాన్ని తెల్లవారకముందే నీళ్ళకు ఇచ్చేసి ఉంటాను. ఇచ్చిందేదీ మళ్ళీ గుర్తుకు రాదని చెప్పానుగా. అన్నీ గుర్తున్న నా తలలోంచి అదొక్కటి నీళ్ళతో పోయింది. పోయింది పోయినట్టు ఉండకుండా, మధ్యాహ్నానికి ఆమె గొంతులోంచి తిరిగి నా దగ్గరికే వచ్చింది. నాది నేనే గుర్తుపట్టలేదు.

ముల్లై ఇంకా అట్లాగే కూర్చుని ఉంది. "సో, నా పేరు బుక్‌లోది కాదా, పాటీ?"

"పేరు బుక్‌లోదే కన్నా. ఆ పేరుకు పని ఇచ్చింది మీ అమ్మమ్మ. ఆ రాసినాయన అమ్మాయికి నూనె కుండ ఇచ్చి పంపించేశాడు. అంతే."

"మరి నా ఎస్సే? లై కాదా?"

"ఎట్లా మొదలుపెట్టావు?"

"'మా అమ్మమ్మ నాకొక కథ చెప్పింది' అని."

"అందులో అబద్ధం ఏది?"

ముల్లై తల తిప్పి నా వైపు చూసింది. చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకుని, కథలో ఓడలు ఒడ్డుకు చేరగానే చూసేదే, అచ్చం ఆ చూపు. ఫోన్ తీసింది.

"అమ్మా, మెట్ల దగ్గర ఆ ఫ్రేమ్ ముందుకు తిప్పు. నో, ఇప్పుడే. తిప్పి ఫొటో పెట్టు."

ఫొటో వచ్చేదాకా ఫోన్ కింద పెట్టలేదు. వచ్చాక ముందు విశాలం అక్కకు చూపించింది, తర్వాత నాకు, తర్వాత సామాను లోపల పెట్టిన ఆ ఇంజనీరును కూడా పిలిచి చూపించింది. చల్లారిపోయిన కాఫీ అప్పుడు ఒక్క గుక్కలో తాగేసింది. గొప్ప చెప్పుకోకూడదంటారు కానీ, ఆ పూట ట్రాయ్ మొత్తం మీద నా అంత గొప్పది ఇంకొకతె లేదనిపించింది నాకు.

బేస్‌మెంట్‌లో చిక్కుడుకాయలు

ఆ రాత్రి విశాలం అక్క పక్కనే పడుకున్నాను. తెల్లారేసరికి మళ్ళీ కల. ఖాళీ మగ్గం, దాని ముందు చేతులు కట్టుకుని కథలో ముల్లై. ఖాళీ మగ్గం కనపడడం మంచిది కాదు. లేచి సరాసరి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి కొళాయి కట్టేసింది.

"మళ్ళీ నీళ్ళకేనా?" అంది విశాలం అక్క. "ఈసారి నా చేతిలో బిందె లేదు. మధ్యాహ్నం మా అందరికీ చెప్పు."

"చెడ్డ కలను మనుషులకు చెప్పకూడదక్కా."

"చివరిదాకా వచ్చిందా?"

ఆలోచించాను. వచ్చింది. చివర చెడ్డగా లేదు.

మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో ఆడవాళ్ళు చేరారు. తమిళం వాళ్ళే ఎక్కువ, మధ్యలో ఇద్దరు ముగ్గురు మనవాళ్ళు. కింద దుప్పటి పరిచారు, దాని మీద చిక్కుడుకాయల కుప్ప. పెరంబూరు కట్టుబాటును విశాలం అక్క ఇక్కడికి కూడా తెచ్చుకుంది. ఆమె ఇంటి కూరగాయలు వినేవాళ్ళే బాగుచేయాలి. నేను అలవాటు కొద్దీ పళ్ళెం ఒళ్ళోకి లాక్కుని ఒక కాయ తుంచాను.

విశాలం అక్క లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నా ఒళ్ళోంచి పళ్ళెం తీసుకుని, నా ఎదురుగా కింద కూర్చుని, తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఇవాళ నీ చేతులు ఖాళీగా ఉండాలి," అంది.

ఇన్నేళ్ళ నుంచి ఎవరి చిక్కుడుకాయలు తుంచుతూ విన్నానో, ఆ మనిషి నా కోసం తుంచుతోంది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకున్నాను. ముల్లై కూడా ఒక పళ్ళెం తీసుకుని కూర్చుంది. ఈనెలు పళ్ళెంలో వేసి, కాయలు చెత్తలో వేస్తోంది. పక్కనున్నామె వాటిని ఏరి మళ్ళీ పళ్ళెంలోకి వేస్తోంది.

చెప్పాను. ఓడలు ఒడ్డుకు చేరాయి. తెల్లారింది. ముల్లై ఖాళీ మగ్గం ముందు నిలబడి ఉంది. అప్పుడు ఓడల్లో వచ్చినవాళ్ళ ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయలుదేరారు. ఒకామె తన చీర చెంగులోంచి ఒక పోగు లాగి తెచ్చింది. ఒకామె చంటిబిడ్డ ఉయ్యాల గుడ్డలోంచి తెచ్చింది. ఒక ముసలామె దగ్గర ఏమీ లేక దీపానికి దాచుకున్న దూది తెచ్చి అక్కడే కూర్చుని వడికింది. ఒక్కొక్కరే వచ్చి మగ్గానికి తన పోగు ముడివేసి పోతున్నారు. ఏ రెండు పోగులూ ఒక రంగు కాదు. అట్లా పడుగు నిండింది. ఆ చీర కట్టుకునే ముల్లై పెళ్ళి చేసుకుంది. ఆ రేవులో అట్లాంటి చీర ఇంకొకటి లేదు.

నేను ఆపాక కూడా అందరి చేతులూ టపటపమని కాయలు తుంచుతూనే ఉన్నాయి. ముల్లై మెల్లగా ఫోన్ తీసి భావనాబెన్‌కు ఏదో రాసింది. ఏం రాశావే అన్నాను. "పెళ్ళయిందని చెప్పాను," అంది.

ఇంతే నా యాత్ర. ఓపిగ్గా దగ్గర కూర్చుని విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో కూరగాయలకూ వాటిని తుంచే చేతులకూ కరువు రాకూడదు, ఖాళీగా ఉండి కథ చెప్పే చేతులు ఒక జత ఎప్పుడూ ఉండాలి. మీకొచ్చే చెడ్డ కలలన్నీ నీళ్ళల్లో కొట్టుకుపోవాలి. పోయేటప్పుడు మీ వెనక బిందె పట్టుకుని మీ మంచి కోరే మనిషి ఒకరు నిలబడి వినాలి.